ప్రేమ ఉంది... వైద్యుడేడి?

చిత్ర సమీక్ష
చిత్రం: ఆల్ దట్ బ్రీద్స్, దర్శకుడు: శౌనక్ సేన్, భాష: హిందీ, విడుదల: 2022

సంక్రాంతి మర్నాడు మీ డాబా మీద ఒక పావురం పడి ఉందనుకోండి. రెక్కకు మాంజా దారం చుట్టుకుని ఉంది. ప్రాణం ఇంకా ఉంది. మీరేం చేస్తారు?

నేను చేసింది చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా ఇంటి మీద సరిగ్గా ఇలాగే జరిగింది. ముందు దారం కత్తిరించాను. పావురం రెక్కలు టపటపా కొట్టుకుంటూంటే, మరింత దెబ్బ తగులుతుందేమోనని తువ్వాలులో గట్టిగా చుట్టాను. పసిబిడ్డను పొత్తిళ్ళలో చుట్టినట్టే చుట్టి, గుండెకు హత్తుకుని, స్కూటరు వెనక కూర్చుని పశువుల ఆసుపత్రికి బయలుదేరాను. దారిపొడవునా అది కదలలేదు. నెమ్మదించింది కాబోలనుకున్నాను. ఆసుపత్రిలో తువ్వాలు విప్పేసరికి చనిపోయి ఉంది.

డాక్టరుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "దారం వల్ల పోలేదండీ ఇది. ఊపిరాడక పోయింది. పక్షిని అంత గట్టిగా చుట్టకూడదు" అన్నారు. కాసేపాగి మళ్ళీ ఆయనే, "బతికొచ్చినా నేనేం చేసేవాణ్ణో! మాకు బాగా నేర్పింది కోళ్ళ సంగతి. ఇలాంటి రెక్కకు కుట్టు వేయడం నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. ఆయన నిజాయితీ నాకు నచ్చింది. నా చదువు మీదే సిగ్గేసింది. నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ. పరీక్షలో పక్షి శ్వాసవ్యవస్థ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాగితం మీది ఆ బొమ్మ నా చేతులకు మాత్రం రాలేదు.

ఆ పావురం వల్లనే, అందరూ మెచ్చిన ఈ చిత్రాన్ని నేను కాస్త వేరుగా చూశాను. అందులో నాకు నచ్చినదేమిటో, కొరతగా తోచినదేమిటో ఈ వ్యాసంలో చెబుతాను.

నేలమాళిగలో ఆసుపత్రి

'ఆల్ దట్ బ్రీద్స్' కల్పిత కథ కాదు, డాక్యుమెంటరీ. ఢిల్లీలోని వజీరాబాద్‌లో నదీమ్ షెహజాద్, మహమ్మద్ సౌద్ అనే అన్నదమ్ములు ఉన్నారు. చేతులు కడుక్కునే సబ్బునీళ్ళ డబ్బాలు తయారుచేయడం వారి బతుకుతెరువు. ఇంటి కింద, సామాన్ల మధ్య, గాయపడిన గద్దలకు చికిత్స చేస్తుంటారు. సాలిక్ అనే యువకుడు వారికి సాయం. ఇరవై ఏళ్ళలో 20,000కు పైగా పక్షులను వారు చేరదీశారు. గాయపడిన గద్దను తీసుకుపోతే మాంసాహార పక్షి అని ఒక పక్షుల ఆసుపత్రి చేర్చుకోలేదట. వారి పని అలా మొదలైంది.

ఈ చిత్రానికి 2022లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రపంచ డాక్యుమెంటరీ విభాగపు పెద్ద బహుమతి వచ్చింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీగా 'గోల్డెన్ ఐ' పురస్కారం లభించింది. 2023లో ఆస్కార్ పోటీలో చివరి అయిదు డాక్యుమెంటరీలలో ఒకటిగా నిలిచింది.

ఇంత పేరు ఊరికే రాలేదు. మొదటి దృశ్యమే చూడండి. రాత్రి వేళ, కెమెరా నేలబారుగా మెల్లగా కదులుతూంటే, చెత్తలో వందలాది ఎలుకలు. వెనకాల వాహనాల దీపాలు. నగరమంటే మనుషులదే కాదని ఒక్క మాట లేకుండానే మనకు అర్థమవుతుంది. మరోచోట చలికాలపు నీటిలో ఈదుకుంటూ వెళ్ళి గాయపడ్డ గద్దను ఒడ్డుకు తెస్తారు. ఇంకోచోట సాలిక్ కళ్ళజోడును ఒక గద్ద తన్నుకుపోతుంది. మాంసం కొట్టే యంత్రం పాడైపోతుంది, డబ్బు చాలదు, అన్నదమ్ములు కీచులాడుకుంటారు. బయట 2019, 2020 నాటి ఢిల్లీ అల్లర్లు, భయాలు. ఇన్నింటి మధ్య పక్షులున్న అట్టపెట్టెలు వస్తూనే ఉంటాయి. ఈ అన్నదమ్ములను చిత్రం దేవుళ్ళను చేయలేదు. అలసిపోయే మనుషులుగానే చూపింది. దర్శకుడి గొప్పతనం అక్కడుంది.

చిత్రం చెప్పని ఊపిరి

చిత్రం పేరుకు అర్థం 'ఊపిరి తీసుకునే ప్రతిదీ' అని. ప్రాణుల మధ్య భేదం చూడకూడదని వారి తల్లి చెప్పిన మాటే ఈ పేరుకు మూలం. మంచి మాట. కానీ గమనించారా? ఊపిరి పేరు పెట్టుకున్న ఈ చిత్రం, పక్షి ఊపిరి ఎలా తీసుకుంటుందో ఎక్కడా చెప్పదు. నా మొదటి ఫిర్యాదు ఇదే. ఎందుకంటే భేదం చూడకూడదన్నది నీతి. వైద్యంలో మాత్రం భేదం తెలిసి తీరాలి.

మనకు ఛాతీకీ పొట్టకూ మధ్య డయాఫ్రమ్ అనే విభాజక పటలం ఉంది. అది కిందికి దిగితే ఊపిరితిత్తులు ఉబ్బుతాయి, గాలి లోపలికి వస్తుంది. పక్షికి అలాంటి డయాఫ్రమ్ లేదు. దాని ఊపిరితిత్తులు మనవాటిలా ఉబ్బవు, ముడుచుకోవు. వాటికి కలిసి సాధారణంగా తొమ్మిది పలుచని గాలితిత్తులు ఒంట్లో అక్కడక్కడ సర్దుకుని ఉంటాయి. కమ్మరి కొలిమి తిత్తిని చూశారు కదా! ఆ పని చేసేవి ఇవే. పీల్చిన గాలిలో ఎక్కువ భాగం ముందు వెనకవైపు తిత్తులకు పోతుంది. విడిచినప్పుడు అది ఊపిరితిత్తుల గుండా ప్రవహిస్తుంది. రెండోసారి పీల్చినప్పుడు ముందువైపు తిత్తులకు చేరుతుంది. రెండోసారి విడిచినప్పుడు బయటికి వస్తుంది. ఊపిరితిత్తులలో గాలి ఎప్పుడూ ఒకే దిక్కుకు సాగుతుంది. అందుకే ఎత్తయిన చోట, ఆక్సిజన్ తక్కువగా ఉన్నా, పక్షి ఎగరగలదు.

మరి ఈ కొలిమిని ఊదేదెవరు? ఉరోస్థి, అంటే రొమ్ము ఎముక. అది కిందికీ పైకీ ఆడితేనే తిత్తులు నిండుతాయి, ఖాళీ అవుతాయి. ముక్కు ఎంత తెరిచి ఉంచినా, రొమ్మును గట్టిగా బిగించామంటే పక్షికి ఊపిరి ఆగిపోయినట్టే. నా తువ్వాలు చేసిన పని అదే.

ఇక ఎముకల సంగతి. చాలా పక్షులలో రెక్క మొదట ఉండే భుజాస్థి బోలుగా ఉంటుంది, ఒక గాలితిత్తి దానిలోకి చొచ్చుకుని ఉంటుంది. ఆ ఎముక విరిగి బయటపడిందనుకోండి. కుక్క కాలికి చేసినట్టు ధారగా నీళ్ళు పోసి కడిగితే, ఆ నీరు శ్వాసవ్యవస్థలోకే పోవచ్చు. గోడలు పలుచన కాబట్టి పక్షి ఎముక పుల్లలు పుల్లలుగా పగులుతుంది. అయితే త్వరగా అతుక్కుంటుంది కూడా. వైద్యుడు ఆలస్యం చేస్తే వంకరగానే అతుక్కుపోతుంది.

రెక్క ముందంచున, భుజం నుంచి మణికట్టు దాకా, పలుచని చర్మం తెరచాపలా పరుచుకుని ఉంటుంది. దాని అంచున ఒక స్నాయుబంధనం పోతుంది. గాజుపొడి పూసిన మాంజా గానీ, నైలాన్ మాంజా గానీ కోసేది ఎక్కువగా ఇక్కడే. చర్మం కుట్టవచ్చు. స్నాయువు తెగితే మాత్రం రెక్క పూర్తిగా చాచుకోవడం కష్టం. గాయం మానినంత మాత్రాన గద్ద ఎగరలేదు. ఎగరలేని గద్ద వేటాడలేదు.

అన్నదమ్ములిద్దరూ కుర్రతనంలో వ్యాయామశాలకు వెళ్ళి కండలు పెంచేవారు. కండరాలు, స్నాయువుల గురించి తమకు తెలిసింది ముందు అక్కడేనని చిత్రంలో చెబుతారు. వినడానికి ముచ్చటగా ఉంది, కొంతవరకు నిజం కూడా. రెక్కను లాగే కండరాల తీరు మనిషి నుంచి కొంత ఊహించవచ్చు. ఊపిరిని మాత్రం ఊహించలేము. మనిషి శరీరం దగ్గర నేర్చినది ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ ప్రాణం తీస్తుందో తెలుసుకోవడమే పక్షివైద్యం. ఆ గీత ఎక్కడుందో చిత్రం చూపలేదు.

పొగా, దారమా?

రెండో ఫిర్యాదు కారణాల గురించి. చిత్రమంతా బూడిదరంగు ఆకాశం కనిపిస్తుంది. ఆ పొగమంచులోంచి గద్దలు రాలుతూ ఉంటాయి. చూసినవారు కలుషితమైన గాలే గద్దలను పడగొడుతోందని అనుకుంటూ బయటికి వస్తారు. గాలి కాలుష్యం పక్షులకు హాని చేస్తుందనడంలో సందేహం లేదు. అంత సమర్థంగా గాలిని వాడుకునే శ్వాసవ్యవస్థ విషాన్ని కూడా అంతే సమర్థంగా లోపలికి తెస్తుంది. బ్రిటన్‌లో బొగ్గుగనులలోకి విషవాయువు పసిగట్టడానికి కెనరీ పిట్టలను తీసుకుపోయేవారు. 1986లోగానీ వాటి స్థానంలో యంత్రాలు రాలేదు.

కానీ ఆ నేలమాళిగకు చేరే గద్దలలో ఎక్కువ భాగం మాంజా కోసినవి. సైన్సు విద్యార్థులైన మీరు ఈ రెండు కారణాలను విడదీసి చూడాలి. పొగకు మందు వేరు, దారానికి మందు వేరు. నైలాన్ వంటి కృత్రిమ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. ఆ తర్వాత కూడా అది దొంగచాటుగా దొరుకుతూనే ఉంది. గద్దలు పడడానికి వాతావరణంతోపాటు మన బజారూ కారణమే. ఈ మాట చిత్రం గట్టిగా చెప్పలేదు.

ఇంకొక లెక్క ఉంది. చేరదీసిన పక్షులలో తిరిగి ఎగిరినవి ఎన్ని, ఎగరలేకపోయినవి ఎన్ని? దీనిపై దర్శకుడికి ఆసక్తి లేదు. కవికి అక్కరలేకపోవచ్చు. వైద్యానికి మాత్రం ఈ లెక్కే పాఠం. ఏ గాయానికి ఏ చికిత్స పనిచేసిందో రాసి పెట్టకపోతే, ఇరవై ఏళ్ళ అనుభవం ఇద్దరి చేతుల్లోనే ఉండిపోతుంది.

మందకు వైద్యం, పక్షికి వైద్యం

అసలు ప్రశ్న ఇప్పుడు. దేశ రాజధానిలో గాయపడ్డ పక్షులు వేల సంఖ్యలో సబ్బుడబ్బాల వ్యాపారుల ఇంటికి ఎందుకు రావలసి వచ్చింది? మన దగ్గర పక్షివైద్యం లేదా?

ఉంది. అందులో మనం వెనకబడినవాళ్ళం కాము. 1920ల చివర కుమావూఁ కొండల్లో కోళ్ళను తుడిచిపెట్టిన జబ్బుకు ఆ ఊరి పేరే పెట్టి రాణీఖేత్ అన్నారు. మన పల్లెల్లో కొక్కెర తెగులు అనేది దీన్నే. మన శాస్త్రవేత్తలు దానికి టీకాలు తయారుచేశారు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధనకే ఒక జాతీయ సంస్థ ఉంది. ఇదంతా పక్షివైద్యం సాధించినదే.

కాని అది మందకు చేసే వైద్యం. పదివేల కోళ్ళున్న షెడ్డులో నాలుగు చనిపోతే, డాక్టరుగారు ఒకదాన్ని కోసి చూసి, మిగిలినవాటికి టీకానో, నీళ్ళలో కలిపే మందో రాస్తారు. రెక్క విరిగిన కోడికి ఆపరేషన్ చేయమని ఏ రైతూ అడగడు. అడగనిదాన్ని కళాశాల ఎందుకు నేర్పుతుంది? మన పశువైద్య పట్టా చదువు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు. ఆవు, గేదె, గొర్రె, మేక, పంది, కుక్క, కోడి అన్నీ అందులోనే ఇమడాలి. అడవి జంతువుల గురించి పాఠాలున్నాయి, కొన్నిచోట్ల వన్యప్రాణి వైద్యంలో పై చదువులూ ఉన్నాయి. కానీ గద్దకు మత్తు ఇచ్చి, ఎముకలో సన్నని కడ్డీ దూర్చి, మూడు వారాల తర్వాత దాన్ని ఎగరడానికి తయారుచేయడం మామూలు పట్టభద్రుడి చేతికి అలవాటయ్యే పని కాదు. మా డాక్టరుగారు చెప్పింది ఇదే.

మీకొక అనుమానం రావచ్చు. ఢిల్లీలో గద్దలు కోకొల్లలు. ఒక గద్ద బతికితే ఏమిటి, పోతే ఏమిటి? న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు రాబందులు చెబుతాయి. 1990లలో మన రాబందులు కూలిపోసాగాయి. తెల్లవీపు రాబందులైతే 2007 నాటికి నూటికి 99కి పైగా మాయమయ్యాయి. ఏదో అంటువ్యాధి అనుకున్నారు. కారణం 2004లో దొరికింది. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను ఒక్కొక్కటిగా కోసి చూసినప్పుడు, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లని పొర కనిపించింది. పక్షులు మనలా యూరియాను కాక యూరిక్ ఆమ్లాన్ని విసర్జిస్తాయి. మూత్రపిండాలు పాడైతే అది స్ఫటికాలుగా మారి గుండె మీదా కాలేయం మీదా పేరుకుంటుంది. ఆ మూత్రపిండాలను పాడుచేసింది డైక్లోఫెనాక్. పశువుల నొప్పికి వాడిన మందు. లిండ్సే ఓక్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ సంగతి 'నేచర్' పత్రికలో ప్రకటించారు. పశువులకు దాని వాడకాన్ని భారతదేశం 2006లో నిలిపివేసింది. అప్పటికే చాలా ఆలస్యమైంది.

ఆలోచించండి. ఆ మందు రాసింది పశువైద్యమే, దాని గుట్టు కనిపెట్టిందీ పశువైద్యమే. తేడా ఒక్కటే. కనిపెట్టినవారు ఒక్కొక్క పక్షి దగ్గర ఆగి చూశారు. నేలమాళిగకు వచ్చే గద్దలను కూడా ఇలా చూడాలి. ఒక గద్దను బతికించడం దయ. వెయ్యి గద్దల గాయాలను, రక్తాన్ని, మూత్రపిండాలను పరీక్షించి రాసి పెట్టడం నగరానికి కాపలా.

మన ఇంటి దగ్గరి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. ప్రపంచమంతా సంతోషించింది. కాని అప్పుడు చేతికి చిక్కిన ఆ పక్షి ఎంతోకాలం బతకలేదు. అలాంటి పక్షి రేపు మళ్ళీ మన చేతికి వస్తే, దాన్ని పట్టుకోవడం తెలిసిన వైద్యుడు ఆ చుట్టుపక్కల ఉండవద్దూ?

నేర్చుకోవడం ఎక్కడ?

చిత్రంలో నదీమ్‌కు ఒక కోరిక ఉంటుంది. విదేశం వెళ్ళి ఇంకా నేర్చుకోవాలని. అన్నగారు వెళితే పనంతా తమ్ముడి మీద పడుతుంది. ఇద్దరి మధ్య మాటల్లేని బాధ మొదలవుతుంది. దర్శకుడు దీన్ని కుటుంబకథగా చిత్రించాడు, బాగానే చిత్రించాడు. కాని నాకు చిత్రం మొత్తంలో ముఖ్యమైన దృశ్యాలు ఇవే. ఇరవై ఏళ్ళు పక్షులతో గడిపిన మనిషి కూడా, తనకు తెలిసింది చాలదని గుర్తించాడు. ప్రేమ ఆయనకు తక్కువై కాదు.

ఈ చదువు ఎలా ఉండాలో చూపే నమూనాలు ప్రపంచంలో ఉన్నాయి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1974లోనే వేటపక్షుల కేంద్రం మొదలైంది. గాయపడ్డ గద్దలు, డేగలు, గుడ్లగూబలు అక్కడికి వస్తాయి. పశువైద్య విద్యార్థులు వాటి దగ్గరే నేర్చుకుంటారు. పక్షి బాగుపడడం, విద్యార్థి తయారుకావడం, రికార్డు పెరగడం మూడూ ఒకే కప్పు కింద జరుగుతాయి. ఇది మనకు అందని విద్యేమీ కాదు. సంక్రాంతికి గాయపడే పక్షులు మనకు ఏటా ఉన్నాయి. పశువైద్య కళాశాలలు ఉన్నాయి. చేతిపని నేర్చిన నదీమ్, సౌద్ వంటివారున్నారు. వీరిని కలిపే ఏర్పాటు లేదు. చచ్చిన పావురాల మీద కుట్లు నేర్చుకుని, అనుభవజ్ఞుల పక్కన నిలబడి బతికున్నవాటిని పట్టుకోవడం నేర్చుకుంటే, మా డాక్టరుగారి వంటివారు "నేనెప్పుడూ చూడలేదు" అనవలసిన అవసరం రాదు.

ఈ చిత్రాన్ని తప్పక చూడండి. వీలైతే మీ జంతుశాస్త్రం మేష్టారితో కలిసి చూడండి. చూసి కంటతడి పెట్టడం తప్పు కాదు. కానీ ఇంట్లో ఆసుపత్రి పెట్టాలనిపిస్తే మాత్రం ఆగండి. అడవి పక్షిని అనుమతి లేకుండా ఉంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఈ చిత్రం మీలో కొందరికి పశువైద్య కళాశాల వైపు దారి చూపితే, మాంసాహార పక్షి అయినా కాకున్నా దాన్ని చేర్చుకునే ఆసుపత్రి రేపు మీదే కావచ్చు.

ఈలోగా మీ డాబా మీద పక్షి పడితే ఇలా చేయండి. చిన్న అట్టపెట్టెకు గాలి రంధ్రాలు పెట్టండి. అడుగున మెత్తని గుడ్డ పరవండి. పక్షి మీద పలుచని గుడ్డ వేసి, రెక్కలను ఒంటికి ఆనించి, రొమ్ము నొక్కకుండా ఎత్తి పెట్టెలో ఉంచండి. గద్ద అయితే గోళ్ళతో జాగ్రత్త, పెద్దవాళ్ళను పిలవండి. చుట్టుకున్న దారాన్ని లాగకండి, పక్షికి దూరంగా కత్తిరించి మిగతాది వైద్యుడికి వదిలేయండి. నోట్లో నీళ్ళు పోయవద్దు. పక్షి నాలుక మొదట్లోనే శ్వాసనాళపు ద్వారం ఉంటుంది, ఆ నీరు అందులోకి పోతుంది. పెట్టె మూసి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచి, అటవీశాఖకు గానీ పశువుల ఆసుపత్రికి గానీ వెంటనే కబురు చేయండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

మళ్ళీ చెబుతున్నాను, రొమ్ము బిగించవద్దు. అది పక్షికి ఊపిరి పోసే కొలిమి.